కూర్చునే షాటు

సాల్మియాలో సముద్రానికి వీపు తిప్పిన విల్లా.
రేత్రి పన్నెండు దాటింది.
బయట నిచ్చెన మీద నేను
కిటికీలోంచి లోపలికి వెన్నెల పంపుతా ఉండా.
రెండు కిలోవాట్ల వెన్నెల.
నీలం కాగితం కట్టింది నేనే.

లోపల మా ప్రొడ్యూసరు పెనుమాల రాజమణి
చెప్పులు విడిచి, మెట్ల కింద
బిర్యానీ పొట్లాలు ఎంచుతా ఉంది.
నలభై మూడు మందిమి. నలభై ఐదు పొట్లాలు.
ఆ రెండూ ఎవరికమ్మా అంటే
"లెక్కలో లేనోళ్ళు ఎప్పుడూ ఇద్దరుంటారబ్బాయ్."

నాది రాయచోటి పక్క. ఆయమ్మది కోనసీమ లంక.
ఇరవై నంబరు వీసా మీద ఖద్దామాగా దిగింది.
వంట, ఇస్త్రీ, ముగ్గురు పిల్లలు, ఒక ముసలామె, ఒక చిలక.
ఆ ఇంటి మామా సీరియళ్ళలో ఏడ్చే వేషాలు వేసేదంట.
బట్టల సంచి మోసుకోని ఎనక పోయిన ఆయమ్మ
ఒక దినం, ఎవురూ అడక్కుండానే,
వంటింటి అరబ్బీలో
"నిన్న ఏడ్చినప్పుడు గాజులు ఎడమచేతికున్నాయి" అనిందంట.
కెమెరా ఆగింది.
కాగితాలు తిరగేసినారు. కాగితాల్లో లేదు.

ఇంటి పనంటే అంతే గదా,
ఎక్కడి వస్తువు అక్కడుందా లేదా అని
ఒళ్ళంతా కళ్ళు చేసుకోని చూడటం.
దాన్నే ఈళ్ళు కంటిన్యూటీ అంటారు, జీతమిస్తారు.

తర్వాత తిండి కాంట్రాక్టు. తర్వాత రెండు వ్యాన్లు.
ఆ తర్వాత కంపెనీలో వాటా.
లైసెన్సు మీద ఇంకొకాయన పేరు,
అప్పు మీద ఈమె పేరు.

మూడో సీరియల్ రంజాన్ పందొమ్మిదో రోజు నిలిచిపోయింది.
ఛానెలోళ్ళు ఫోనెత్తలేదు.
ముబారకియా బంగారంగట్లో
రెండు చేతులూ కౌంటరు మీద పెట్టి
ఆయమ్మ సబ్బు అడిగింది, గాజులు ఊడటానికి.
ఆ సాయంత్రమే జీతాలు.
ముందు లైట్లోళ్ళం, తర్వాత డ్రైవర్లు,
అందరూ అయినాక హీరో.
హీరో ఇంకా అలిగే ఉండాడు.

టైటిల్స్‌లో ఆమె పేరు ఒకటిన్నర సెకను.
అరబ్బీలో ప లేదు. ణ అసలే లేదు.
బెనుమాలా రాజమనీ.
"ఎవరో గానీ, మాకు దగ్గిర చుట్టంలా ఉంది" అని నవ్వింది.

ఈ రేత్రి గొడవ వేరే.
ముప్పై ఎపిసోడ్ల కథలో ఒక పనిమనిషి.
తలుపు తీస్తుంది. ట్రే తెస్తుంది. తలుపేస్తుంది.
మాటల్లేవు, పేరూ లేదు.
ఆయమ్మ ఆ రెండూ అడగలా.
"ఒక్క షాటులో కూర్చోబెట్టు" అనింది.
డైరెక్టరు తల పట్టుకున్నాడు.
"కథలో కారణమేముంది?"
"కాళ్ళు."

వేషం వేసిన మాలిని కండీ మనిషి,
తొమ్మిదేళ్ళు ఈ ఊరి ఇళ్ళలోనే అంట్లు తోమింది.
వంటింట్లో స్టూలు వేసినారు.
మొదటి టేకు: హీరో అడుగుల చప్పుడికి లేచి నిలబడింది.
రెండోదీ అంతే.
ఏడో టేకులో చప్పుడే లేదు. అయినా లేచింది.
"క్షమించండి" అంటా ఏడుపు మొహం పెట్టింది,
అది నటన కాదు.

పదకొండో టేకుకి ముందు
ఆయమ్మ పోయి, కెమెరాకి అందకుండా,
స్టూలు పక్కన నేల మీద చతికిలబడింది.
ఏమీ చెప్పలా.
మాలిని మడమ మీద చెయ్యేసింది.

నాలుగు సెకన్లు.
కూర్చునే ఉంది మాలిని.
గిన్నెలోకి చూస్తా, ఏమీ చెయ్యకుండా.

కట్ అన్నాక కూడా ఎవురూ కదల్లేదు.
నిచ్చెన మీద నేను వెన్నెల ఆర్పేది మరిచిపోయినా.
"లైటాపరా! డీజిలు ఎవడబ్బ సొమ్ము?"
లోపల్నుంచి అరుపు.

ఆ నాలుగు సెకన్లు ఛానెలోళ్ళు ఉంచుతారో,
ఏ షాంపూ యాడ్ కోసమో కోసేస్తారో తెలీదు.
దిగేటప్పటికి నా పొట్లం చల్లారిపోయింది.
రెండు మిగిలినాయి.
ఒకటి పక్క విల్లా వాచ్‌మన్ తీసుకుపోయినాడు.
రెండోది పట్టుకోని ఆయమ్మ వీధి మొగదాల దాకా పోయింది.
అక్కడెవరున్నారో నాకు కనపడలా.
లైటు అప్పుడే ఆపేసినా గదా.